నడిమి అతుకు

మా ఇంటిముందు బోర్డు విడిపోయినప్పుడు నేను ఎవరెవరిని తిట్టానో చెప్తే నవ్వుతారు. జిగురు తయారుచేసినవాళ్ళని తిట్టాను. ఆర్కన్సా వానల్ని తిట్టాను. వీడియోలో చెక్కపని నేర్పిన గడ్డపాయన్ని, అతని గడ్డాన్ని కూడా తిట్టాను. ఒక్క నన్ను తప్ప అందర్నీ తిట్టాను. నా నోరు అలాంటిది. అసలు ఆ నోటివల్లే బోర్డు విడిపోయిందని నాకు తర్వాతగానీ తెలియలేదు.

మేం అమెరికాలో, ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉంటాం. నాది కాంట్రాక్టు ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటినుంచే. మా ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి. ఇండియాలో పదిమందికి పాఠం చెప్పేది. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసా మీద తొమ్మిదేళ్ళు ఇంట్లో కూర్చుంది. బియ్యం కడుగుతూ వర్ణం పాడుకునేది, గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతూ కృతి ఎత్తుకునేది, నాకు మీటింగ్ ఉందంటే ఆపేసేది. చివరికి పనిచేసుకునే అనుమతి కార్డు వచ్చింది. ఆ రోజు ఆమె కార్డుని ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద పెట్టి, వెనక్కి జరిగి చూసుకుంది. మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ అంది:

"ఏవండీ, ఇంటిముందు ఒక బోర్డు పెట్టుకుంటాను. నా పేరుతో."

నా పేరుతో అన్న మాటని కొంచెం ఒత్తి పలికింది. ఈ దేశంలో కరెంటు బిల్లు నా పేరు, ఇల్లు నా పేరు, ఇన్సూరెన్సు కార్డు మీద కూడా ఆమె ఫలానావాడి భార్య. ఉగాదికి క్లాసు మొదలుపెడదాం అనుకున్నాం. ఆరు వారాలుంది.

"బోర్డు ఆర్డర్ చేసేస్తే సరిపోతుందిగా, రెండ్రోజుల్లో వస్తుంది" అంది.

"ప్లాస్టిక్ ముక్కా? నేను చేస్తాను" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకాన్ని నేను. అప్పటిదాకా నేను చెక్కతో చేసిన ఘనకార్యం ఒక చెప్పుల స్టాండు. అది ఇప్పటికీ ఒకవైపు ఒరిగే ఉంటుంది.

చెక్క కోసం కొట్టుకి వెళ్ళే పని కూడా లేకపోయింది. మేం ఈ ఇల్లు కొన్నది ఒక ముసలాయన పోయిన తర్వాత. ఆయన సామానంతా పిల్లలు పట్టుకుపోయారు. గరాజ్ పైన దూలాల మీద మాత్రం ఒక మూట మిగిలిపోయింది. పూల దుప్పటిలో చుట్టి, తాడుతో గట్టిగా కట్టి ఉంది. ఎన్నాళ్ళుగానో అక్కడే ఉంటే పట్టించుకోలేదు. నిచ్చెనేసి దింపి విప్పితే నాలుగు సీడార్ పలకలు, మన దేవదారులాంటి ఎర్రటి చెక్కవి. ఒక్కోటి అయిదడుగుల పొడవు, జానెడు వెడల్పు. గరాజంతా ఘుమఘుమలాడింది. పక్కపక్కన పేర్చి చూస్తే నాలుగింటి మీదుగా ఒక పెద్ద పెన్సిల్ త్రికోణం కలిసింది. ఏ పలక పక్కన ఏది రావాలో మర్చిపోకుండా పనివాళ్ళు గీసుకునే గుర్తు అది. అంటే ఆ ముసలాయన కూడా వీటిని అంచుకి అంచు కలిపి ఏదో ఒకటే పెద్ద పలక చేద్దామనుకుని, ఎందుకో ఆపేశాడన్నమాట. నాకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

మూడో పలక మీద పెన్సిల్‌తో కలిపిరాతలో ఏదో రాసి ఉంది. ఏ కొలతలో, ఏ కొట్టువాడి గుర్తులో అనుకున్నాను. సరిగ్గా చదవనైనా చదవలేదు. చిత్రిక పట్టేశాను. ఆ రాత పొడుగాటి పొరలై, చుట్టలు చుట్టుకుంటూ నా చెప్పుల మీద పడింది.

మా ఆవిడ కాఫీ తెచ్చి, వంగి ఆ పొరల్ని ఏరడం మొదలుపెట్టింది.

"ఆ చెత్తెందుకు ఏరుతున్నావు? దండ గుచ్చుతావా?" అన్నాను.

ఆమె గుప్పిట మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అంచులు కలపడం చూసినంత తేలిక కాదు. రెండు పలకల అంచుల్ని ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టి చూడాలి. మధ్యలోంచి సన్నగా వెలుగు కనిపించినా అతుకు పనికిరాదు. మళ్ళీ చిత్రిక, మళ్ళీ చూడటం. ఇదంతా నాకు ఓపిగ్గా చెప్పింది ఎదురింటి ముసలాయన. రిటైరైన వడ్రంగి. మా ఆవిడ పొద్దున్న నడకకి వెళ్తే ఆయనతో గంటలు మాట్లాడుతుంది, అంకుల్ అంకుల్ అంటూ. ఆయన మొదటిరోజు గరాజ్‌లోకి వచ్చి, ఆ పలకల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. మంచి చెక్కని చూసి ముచ్చటపడుతున్నాడనుకున్నాను.

జిగురు పెట్టే రోజు శనివారం. అన్నీ వరసలో నిలబెట్టి, పలకల్ని బిగించిపట్టే క్లాంపులు సిద్ధం చేసుకుని, జిగురు మూత తీశానో లేదో ఆఫీసునుంచి ఫోను. సిస్టమ్ ఏదో పడిపోయింది. నేను లోపలికి పోయి అరగంట అరిచాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ గరాజ్ మెట్టు మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"ఏం లేదు. మీరు కానివ్వండి."

ఆఫీసు చిరాకంతా చేతుల్లో ఉంది. గబగబా అతుకుకి ఒకవైపు మాత్రమే జిగురు రాసి పలకలు కలిపి, క్లాంపులు బిగించాను. అతుకు బాగుంటే జిగురు పొడుగునా ఒకే వరసలో సన్నటి పూసల్లా పైకి రావాలి. మొదటి అతుకులో వచ్చింది, మూడో అతుకులో వచ్చింది. నడిమి అతుకులో మాత్రం చాలామేర ముద్దలు కట్టి, అంచుకి అంటకుండా జారిపోయింది. జిడ్డు పళ్ళెం మీద నీళ్ళు జారినట్టు. నేను ఇంకో చుట్టు బిగించి, గుడ్డతో తుడిచేశాను. ఇదే ఎదురింటాయన అయితే అక్కడే ఆపేసి, విప్పి చూసేవాడు.

వారం తిరిగేసరికి బోర్డు తయారైంది. వెనక రెండు అడ్డపట్టీలు బిగించాను, చెక్క ఉబ్బినా తగ్గినా కదలడానికి వీలుగా స్క్రూల రంధ్రాలు పొడుగ్గా చేసి. ముందువైపు నల్ల అక్షరాలతో నట్టనడుమ ఆమె పేరు, కింద కర్ణాటక సంగీతం అని తెలుగులో, ఇంగ్లీషులో. ఇంటిముందు రెండు గుంజలు పాతి నిలబెట్టాం. ఆమె రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, ఎదురింటి ముందు నిలబడి చూసింది. కళ్ళనిండా నీళ్ళు. నాక్కూడా గర్వంగానే ఉంది, కాదంటే అబద్ధం.

ఆ శబ్దం మొదలైంది ఆ తర్వాత మూడు రోజులకి.

సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ తంబూరా యాప్ పెట్టుకుని సాధనకి కూర్చుంటుంది. ముందు గదిలో, కిటికీ దగ్గర. నేను లోపలి గదిలో మీటింగ్‌లో ఉన్నాను. ఆమె పాట అందుకుంది. బయట టక్ మంది. కాసేపాగి మళ్ళీ టక్. ఎవరో వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు. ఆమె ఆపింది. శబ్దం ఆగింది. మళ్ళీ అందుకుంది. టక్.

"ఎవరో వచ్చారు చూడండీ."

వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. ఎండ పడుతున్న రోడ్డు, ఖాళీ పోస్టు డబ్బా. మర్నాడు నాలుగింటికి మళ్ళీ అంతే. వడ్రంగిపిట్ట అన్నాను. ఆ మర్నాడు నేను బయటే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. పిట్టా లేదు, పురుగూ లేదు. లోపల ఆమె గొంతు సవరించుకుంది. నాకు అయిదడుగుల దూరంలో, బోర్డు లోపల్నించి, టక్ మంది. నిజం చెప్తున్నాను, మిట్టమధ్యాహ్నపు ఎండ ఇంకా చల్లారలేదు, అయినా నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

"ఏముందండీ?" అంది కిటికీలోంచి.

"ఏం లేదు. నీ పాట నచ్చి తాళం వేస్తోంది" అన్నాను వెటకారంగా.

ఆమె మొహం పాలిపోయింది. ఆ రోజు మళ్ళీ పాడలేదు. ఆ మర్నాడూ పాడలేదు. గొంతు బాగాలేదంది.

తర్వాత వాన. రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ ఆగకుండా కొట్టింది. మూడోరోజు పొద్దున్న తెరిపిచ్చి, పలచగా పొగమంచు పట్టింది. వంటింట్లోంచి గ్లాసు పడి పగిలిన చప్పుడైతే పరుగెత్తాను. ఆమె సింకు దగ్గర నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇద్దరం బయటికి వెళ్ళి చూస్తే, బోర్డు నడిమి అతుకు దగ్గర వేలు దూరేంత విడిపోయింది. ఆ చీలిక సరిగ్గా ఆమె పేరు మీదుగా పోయింది. అక్షరాల తలలన్నీ పై పలక మీద, మొండేలన్నీ కింది పలక మీద. ఆ చీలికలోంచి ఎర్రగా ఏదో కారి, ఆమె పేరు మీదుగా గీతలు గీతలుగా జారి, అడుగు అంచున బొట్లు కట్టి ఉంది. నేను చూస్తూ ఉండగానే ఒక బొట్టు గడ్డిమీద పడింది.

నేను తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేశాను.

"తీసేయండి" అంది. అరవలేదు. నెమ్మదిగా అంది. "నాకు బోర్డూ వద్దు, క్లాసూ వద్దు."

"చెక్క రంగు దిగింది, అంతే. దీనికే—"

"తీసేయండి అంటున్నానా!"

లోపలికొచ్చి ఫోన్ తీసి, పిల్లల్ని పంపిస్తామన్న ముగ్గురు తల్లులకీ మెసేజ్ పెట్టేసింది. ఫ్రిజ్ మీది కార్డు తీసి సొరుగులో, పాత బిల్లుల కింద పెట్టింది. ఉగాది ఇంకా పది రోజులుంది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మనిషి తొమ్మిది నిమిషాల్లో అంతా సర్దేసింది. నాకు భయం పోయి కోపం వచ్చింది. పిచ్చా నీకు, చెక్క పగిలితే క్లాసు మానేస్తారా ఎవరైనా, అని ఏదేదో వాగాను. ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ కోపంలోనే బోర్డుని ఊడదీసి గరాజ్‌లోకి లాక్కొచ్చాను. వెనక పట్టీలు విప్పి, మొదటి అతుకు మీద సుత్తితో కొట్టాను. కదల్లేదు. మూడోదాని మీద కొట్టాను. కదల్లేదు. నడిమి అతుకుని చేత్తో పట్టుకుంటే చాలు, అరటిపండు తొక్కలా విడిపోయింది. లోపలి అంచు చూసి అక్కడే చతికిలబడ్డాను.

అంచు పొడుగునా పసుపు. దాని మీద వరసగా, సమానమైన ఎడంలో కుంకుమ బొట్లు. వాన నీళ్ళకి కొన్ని కరిగిపోయాయి, కొన్ని ఇంకా గుండ్రంగా ఉన్నాయి. వేలితో తాకితే జిడ్డు.

గది తలుపు దగ్గరికి వెళ్ళి పిలిచాను. రెండోసారికి తీసింది. నా వేలికున్న పసుపు చూసి తల దించుకుంది.

"ఎప్పుడు పెట్టావు?"

"మీరు ఫోన్లో ఉన్నప్పుడు. పైన పెడితే పెయింటింగ్‌కి అడ్డొస్తుందని తిడతారు. ఎవరికీ కనిపించని చోటని అంచుకి పెట్టాను. పొడి చెక్కకి పసుపు పట్టట్లేదు, నాలుగు చుక్కలు కొబ్బరినూనె కలిపాను."

అతుక్కోవాల్సిన అంచుకి నూనె! జిగురూ పసుపు రంగే, సీడారూ ఎరుపే. నాకింకేం కనబడుతుంది? నవ్వొచ్చింది. ఊళ్ళో ఎవరైనా చెక్కకి నూనె రాసి అతికిస్తారా అని నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ఇంకా తల ఎత్తలేదు.

"చెక్కకి బొట్టు పెడితే పెట్టావు. దానికి ఇంత భయమెందుకు?"

"చెక్కకి కాదండీ." కుంకుమ భరిణె తెచ్చి మూత తీసింది. లోపల కుంకుమ మీద ఒక సీడార్ పొర, చుట్టగా. విప్పి నా అరచేతిలో పెట్టింది. నేను చిత్రిక పట్టి తీసేసిన పెన్సిల్ రాత. ఒక ఆడమనిషి పేరు, చివర తెగిపోయి. దానికింద పియానో అన్న మాట.

"ఆవిడ పేరు. ఈ ఇంటావిడది. అంకుల్ చెప్పారు నాకు. పిల్లలకి పియానో చెప్తానని, ఇంటిముందు బోర్డు కావాలని వాళ్ళాయన్ని అడిగిందట. ఆయన పలకలు కోసి, అంచులు కలిపి చూసుకుని, పేరు రాసి పెట్టుకున్నాడు. ఇంకా జిగురు పెట్టలేదు, ఆవిడకి జబ్బు చేసింది. నెల తిరక్కుండా పోయింది. ఆయన ఆవిడ దుప్పట్లోనే చుట్టి పైన పెట్టేశాడట. మళ్ళీ దింపలేదు."

ఆ పొరని మళ్ళీ చుట్టగా చుట్టి భరిణెలో పెట్టాను.

"భర్త ఉండగా పునిస్త్రీగా పోయిన మనిషి. ఆవిడ బోర్డు మీద నా పేరు రాసుకుంటున్నాం. ఒక్క మాటైనా అడగొద్దూ? అందుకని పసుపూ కుంకుమా ఇచ్చి, అమ్మా, నేను పెట్టుకుంటాను, ఏమీ అనుకోకు అని దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత తలుపు కొట్టినట్టు ఆ చప్పుడు. ఇవాళ బొట్టంతా కడిగేసుకుంది, చూశారు కదా. నా పేరు మీదే కడిగేసింది. ఆవిడకి ఇష్టం లేదండీ."

"ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నవ్వుతారు. లేదా తిడతారు" అంది మామూలుగా, ఇవాళ మంగళవారం అన్నట్టు.

నా జీవితంలో నన్ను చెంపమీద కొట్టినవాళ్ళు లేరు. ఆ రోజు కొట్టినట్టే అయింది. ఒక్క మాట చెప్పి ఉంటే, బొట్టు ఎక్కడ పెట్టాలో నేనే చూపించేవాణ్ణి. అతుకు నిలబడేది. పాపం ఆమె మూడు వారాలుగా ఒక చచ్చిపోయిన మనిషికీ, బతికున్న నాకూ భయపడుతూ ఆ ఇంట్లో తిరిగింది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయపడిందో నేను అడగలేదు.

నేల మీద ఆమె పక్కన కూర్చుని, చిన్నగా చెప్పాను. నూనె ఉన్నచోట జిగురు పట్టదు. నాలుగింటికి పడమటెండ బోర్డు మీదికి వస్తుంది, చెక్క ముడుచుకుంటుంది, పట్టీపట్టని అతుకు కొంచెం కొంచెంగా ఊడుతూ టక్ మంటుంది. నువ్వు సాధనకి కూర్చునేదీ నాలుగింటికే. వానకి కుంకుమ కరిగింది. ఆవిడ వద్దనలేదు.

"మరి నేను ఆపితే ఎందుకు ఆగింది?"

నేను గరాజ్ వైపు చూశాను. "ఆవిడ పేరు చెరిపింది నేను. కోపం ఉంటే నామీద ఉండాలి, నీమీద కాదు" అన్నాను. ఆ మాట అన్నాక దానికి తర్వాతి మాట కూడా నాకే తోచింది. "కింద ఆవిడ పేరు కూడా రాస్తాను."

ఆమె నా మొహంలో వెటకారం ఉందేమోనని వెతికింది. లేదు.

ఆ రెండు అంచుల్నీ స్పిరిట్‌తో తుడిచాను, తెల్లటి గుడ్డకి పసుపు అంటడం మానేదాకా. అంచుల్నీ, ముందువైపు పాత అక్షరాల్నీ మళ్ళీ చిత్రిక పట్టాను. వెలుగుకి పట్టి చూశాను. ఈసారి ఆమె కూడా ఒక కన్ను మూసుకుని చూసింది. రెండు అంచులకీ జిగురు రాశాను. నడిమి అతుకులో పూసలు వరసగా పైకి వచ్చాయి. ఎదురింటాయన వచ్చి నిలబడ్డాడు. పొరమీద తెగిపోయిన ఆ పేరు చివర ఏమిటో అడిగితే పెన్సిల్ తీసుకుని తనే మూడో పలక మీద నిండా రాశాడు. వాళ్ళిద్దరూ తనకి చాలా మంచి స్నేహితులని మాత్రం ఇంగ్లీషులో అన్నాడు. ఆయన రాతమీదే నేను రంగు నింపాను. పై రెండు పలకల మీద మా ఆవిడ పేరు, కింది రెండింటి మీద ఆవిడ పేరు. నడిమి అతుకు మీద ఏ అక్షరమూ పడకుండా చూసుకున్నాను. పసుపూ కుంకుమా వెనకవైపు, జిగురు ఆరాక. నూనె లేకుండా.

కార్డు మళ్ళీ ఫ్రిజ్ మీదికి వచ్చింది. ఉగాది రోజు ముగ్గురు పిల్లలు వచ్చి సరిగమలు మొదలుపెట్టారు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఆ అతుకులో ఈ రోజుకీ వెంట్రుక కూడా దూరదు. నెలకోసారి గోటితో గీకి మరీ చూస్తాను. అయినా అప్పుడప్పుడు నాలుగింటికి టక్ మంటుంది. గుంజలై ఉంటాయి. గుంజలే అని నేను అనుకుంటున్నాను.

మొన్న ఒకావిడ ఫోన్ చేసింది, కొత్తగా టెక్సస్‌లోని ప్లేనో నుంచి వచ్చారట. మా ఆవిడ బీన్స్ తరుగుతూ స్పీకర్‌లో పెట్టింది.

"పాపని మీ దగ్గర జాయిన్ చేద్దామని అండీ. బోర్డు మీద ఇద్దరు టీచర్ల పేర్లున్నాయి కదా, ఆ సెకండ్ టీచర్ ఏయే రోజుల్లో వస్తారండీ?"

ఇప్పుడు వివరంగా చెప్తుందనుకున్నాను. మా ఆవిడ కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఆవిడ ఎప్పుడూ ఇక్కడే ఉంటారండీ. మీరు పాపని నాలుగింటికి తీసుకురండి."

నేను ఏదో అనబోయి నోరు తెరిచాను. బయట ఒక్కసారి టక్ మంది. నోరు మూసుకుని, నా కాఫీ కప్పు నేనే కడుక్కున్నాను.